కీళ్ల మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లకు ఫీల్డ్ టెస్ట్: బరువు లెక్క నుంచి ప్రింటవుట్ చదివేదాకా

కీళ్లవాతానికో, లూపస్‌కో, కొందరికి షుగరుకో డాక్టర్లు హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర రాస్తారు. చీటీ మీద హెచ్‌సీక్యూ అనో హెచ్‌సీక్యూఎస్ అనో ఉంటుంది. మంచి మందు, చాలామందికి ఏళ్ల తరబడి పడుతుంది. అయితే అలా ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కొందరికి రెటీనా, అంటే కంటి లోపల వెనుక ఉండే పొర, దెబ్బతింటుంది, దెబ్బతిన్నది మళ్లీ బాగుపడదు. మందు రాసిన రోజు డాక్టరు చెప్పే ఉంటారు, కళ్లు చూపించుకుంటూ ఉండమని. కానీ మన దగ్గర జరిగేది వేరు. బెంగళూరులోనో హైదరాబాదులోనో కీళ్ల డాక్టరుకు ఒకసారి చూపించుకుని వస్తారు, మాత్ర పని చేస్తుంది, నొప్పులు తగ్గుతాయి, ఇక అదే చీటీ పట్టుకుని మెడికల్ షాపులో నెల నెలా తెచ్చుకుంటూ ఆరేడేళ్లు గడిపేస్తారు. ఆ తర్వాతెప్పుడో కళ్లద్దాల కోసం మా దగ్గరికి వస్తే మాటల మధ్యలో ఈ మాత్ర సంగతి బయటపడుతుంది.

నేను అనంతపురంలో ఆప్టోమెట్రిస్టును, ఫీల్డ్ టెస్ట్ మిషన్ దగ్గర ఉండే మనిషిని. మీ చూపు మేరలో ఎక్కడెక్కడ తగ్గిందో లైటు చుక్కలు వేసి కొలిచే టెస్ట్ ఇది. దీని గురించి ఒక మాట ముందే చెప్పేస్తా. స్కాన్ అయితే మీరు కదలకుండా కూర్చుంటే చాలు, మిషన్ తన పని తాను చేసుకుంటుంది. ఫీల్డ్ టెస్ట్ అలా కాదు, సగం పని మిషన్‌ది, సగం మీది. మీ సగం సరిగ్గా జరగకపోతే లేని జబ్బు కాగితం మీద కనిపిస్తుంది, లేదా ఉన్న జబ్బు దాక్కుంటుంది. మొదటిదానివల్ల పని చేస్తున్న మందు ఊరికే ఆగిపోతుంది, రెండోదానివల్ల చూపు పోతుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

అసలు కంట్లో పాడయ్యేది ఏమిటి

ఈ మందు రెటీనా అడుగున ఉండే నల్లటి పొరలో మెలనిన్‌ను పట్టుకుని పేరుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వెలుతురును పట్టే కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. అది సరిగ్గా నడిమధ్యన కాకుండా, మధ్యకు చుట్టూ వలయంగా మొదలవుతుంది. గారెను ఊహించుకోండి: చిల్లు ఉన్నచోట చూపు బాగానే ఉంటుంది, పిండి ఉన్నచోట పోతూ వస్తుంది. గోడ మీది చార్టులో అక్షరాలు చదివేది ఆ నడిమి చూపుతోనే కాబట్టి 6/6 వచ్చేస్తుంది, "చూపు బాగుంది, వెళ్లండి" అంటారు. లోపల వలయం మాత్రం తన దారిన తాను పెరుగుతూ ఉంటుంది.

మనిషికి తెలిసేసరికి చాలా జరిగిపోయి ఉంటుంది. చదివేటప్పుడు మాటలో ఒక అక్షరం మాయమైనట్టు, ధర్మవరం మగ్గం మీద పోగు అతికేవాళ్లకైతే పట్టుకున్న పోగు కనిపించి పక్క పోగు కనిపించనట్టు ఉంటుంది. కొందరికి ఎండలోంచి ఇంట్లోకి వస్తే కళ్లు తేరుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. డాక్టరు లైటు వేసి చూస్తే మాక్యులా, అంటే రెటీనా నడిమి భాగం, చుట్టూ వలయం కనిపించే దశ ఒకటుంది, దాన్ని బుల్స్ ఐ అంటారు. అది ఆఖరి దశల్లో వచ్చేది. అక్కడిదాకా ఆగకూడదనే ఈ టెస్టులన్నీ.

మరీ భయపడాల్సిన పని కూడా లేదు. 2014లో అమెరికాలో 2,361 మంది మీద వచ్చిన పెద్ద అధ్యయనం, దాన్ని పట్టుకుని 2016లో అక్కడి కంటి డాక్టర్ల అకాడమీ ఇచ్చిన సూచనలు చెప్పేదేమిటంటే, సరైన డోసులో వాడేవాళ్లలో మొదటి ఐదేళ్లలో రెటీనా దెబ్బతినే అవకాశం ఒక శాతం కన్నా తక్కువ, పదేళ్లకు రెండు శాతం లోపే, ఇరవై ఏళ్లు దాటితే మాత్రం దాదాపు 20 శాతం. 2020లో కరోనాకని కొన్ని వారాలు ఈ మాత్ర మింగినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, మాకేమైనా అవుతుందా అని. ఆ కొన్ని వారాలకు ఏమీ కాదు, ఇది ఏళ్ల లెక్క.

మొదట ఇంట్లోనే చేయాల్సిన పని: బరువు లెక్క

టెస్టుకు పోకముందే ఇది తేల్చుకోండి. మీ అసలు బరువు, అంటే ఈ రోజు కాటా మీద నిలబడితే వచ్చేది, కిలోల్లో తీసుకుని 5తో గుణించండి. రోజుకు అన్ని మిల్లీగ్రాములు దాటకూడదు. 60 కిలోలుంటే 300. 50 కిలోలకు 250. 45 కిలోలకు 225. రోజుకు 400 వేసుకోవాలంటే 80 కిలోలుండాలి.

ఇక్కడే మన సీమలో సమస్య. కూలి పనికి పోయే ఆడవాళ్లు 42, 45 కిలోలుంటారు, చీటీలో 200 మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి అని ఉంటుంది. 45 కిలోల మనిషికి 400 అంటే కిలోకు దాదాపు 9 మిల్లీగ్రాములు. ఏళ్ల తరబడి అలా పోతే అవకాశాలు పైన చెప్పిన అంకెల దగ్గర ఆగవు, బాగా పెరుగుతాయి. మొదట్లో కొన్నాళ్లు కాస్త ఎక్కువ డోసు ఇచ్చి తర్వాత తగ్గించాలని డాక్టరు అనుకుని ఉండవచ్చు, మీరు మళ్లీ పోకపోవడంతో ఆ ఎక్కువ డోసే స్థిరపడిపోయి ఉండవచ్చు.

మాత్రలు 200, 300, 400 అని దొరుకుతాయి కాబట్టి అంకె ప్రతిసారీ చక్కగా కుదరదు. అప్పుడు వారం లెక్క వేస్తారు. 52 కిలోల మనిషికి రోజుకు 260, వారానికి 1,820. 200 మాత్రలు వారానికి తొమ్మిది: ఐదు రోజులు ఒక్కొక్కటి, రెండు రోజులు రెండేసి. దయచేసి ఈ మార్పు మీ అంతట మీరు చేసుకోవద్దు. లెక్క కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి, ఆయనే మారుస్తారు. హైడ్రాక్సీ లేని పాత క్లోరోక్విన్ రోజూ వాడేవాళ్లుంటే వాళ్ల హద్దు ఇంకా తక్కువ, కిలోకు 2.3.

బరువుతో పాటు ఇంకో మూడు చూసుకోండి. కిడ్నీ: ఈ మందు బయటికి పోయే దారుల్లో కిడ్నీ ముఖ్యమైనది, అది మందగిస్తే అదే డోసు ఒంట్లో ఎక్కువగా నిలుస్తుంది. షుగరూ బీపీ ఉన్నవాళ్లు క్రియాటినిన్ రిపోర్టు తెచ్చుకోండి, అందులో కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకె 60 కన్నా తక్కువుంటే గట్టిగా చెప్పండి. టామోక్సిఫెన్: రొమ్ము క్యాన్సర్ తర్వాత వాడే మాత్ర, ఈ రెండూ కలిస్తే ప్రమాదం పైన చెప్పిన అధ్యయనం ప్రకారం ఐదు రెట్ల దాకా పోతుంది. మూడోది, మాక్యులాలో ముందునుంచే ఏదైనా జబ్బు ఉండటం. అది ఉంటే టెస్టు కాగితం మీది మచ్చ దేనిదో తేల్చడం కష్టమైపోతుంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

మందు మొదలుపెట్టిన మొదటి ఏడాదిలోపు ఒకసారి కళ్లు చూపించుకోవాలి. కన్ను బాగున్నప్పుడు ఎలా ఉందో తెలిస్తేనే తర్వాత ఏం మారిందో తెలుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లు దాటాక ఏటా. పైన చెప్పిన ప్రమాదాల్లో ఏ ఒక్కటున్నా ఐదేళ్లు ఆగకూడదు, మొదటి ఏడాది దాటగానే ఏటా చేయించుకోవాలి. ఇప్పటికే ఏడెనిమిదేళ్లుగా వాడుతూ ఒక్కసారీ చేయించుకోలేదా, ఈ నెలలోనే పోండి.

ఎక్కడికి, ఏమని అడగాలి

కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, అనంతపురం వైపు వాళ్లకు పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఉంది, కడప వాళ్లకు తిరుపతి దగ్గర, అక్కడ అరవింద్ ఉంది. ప్రైవేటులో గ్లకోమా (నీటికాసులు) చూసే ఏ కంటి ఆసుపత్రిలోనైనా ఫీల్డ్ మిషన్ ఉంటుంది, గ్లకోమాకు అది లేనిదే పని జరగదు. ఎక్కడికైనా బస్సెక్కే ముందు ఫోన్ చేసి అడగండి: ఫీల్డ్ మిషన్ ఉందా, అందులో 10-2 చేస్తారా (ఇదేమిటో కింద చెప్తా), రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్ ఉందా, ఏ రోజుల్లో చేస్తారు, మిషన్ ఇప్పుడు పని చేస్తోందా. ఆఖరి ప్రశ్న తమాషాకు కాదు. రాయదుర్గం నుంచి తెల్లారుజామున బయల్దేరి వచ్చినవాళ్లకు "బల్బు పోయింది, వచ్చే వారం రండి" అని చెప్పడం మాకూ బాధగానే ఉంటుంది.

వీలైతే ఏటా ఒకే చోట, ఒకే మిషన్ మీద చేయించుకోండి. ఒక కంపెనీ మిషన్ అంకెలను ఇంకో కంపెనీ అంకెలతో పోల్చడం తలనొప్పి.

10-2 నా, 24-2 నా: ఈ ఒక్కటి మీరే అడగాలి

ఫీల్డ్ టెస్ట్ అనగానే చాలా చోట్ల అలవాటు ప్రకారం 24-2 పెట్టేస్తారు, ఎందుకంటే రోజూ వచ్చేది గ్లకోమా వాళ్లే. 24-2 అంటే మధ్య నుంచి 24 డిగ్రీల దాకా, ఆరేసి డిగ్రీల దూరంలో 54 చోట్ల లైటు వేసి చూస్తుంది. 10-2 మధ్యలో 10 డిగ్రీల మేర మాత్రమే, కానీ రెండేసి డిగ్రీల దూరంలో 68 చోట్ల చూస్తుంది. తేడా ఎంతంటే, ఆ నడిమి 10 డిగ్రీల్లో 24-2కు ఉండేవి 12 చుక్కలే. కీళ్ల మాత్ర వలయం తొలిగా వచ్చే చోటు మధ్య నుంచి 2 డిగ్రీలకూ 6 డిగ్రీలకూ నడుమ. 12 చుక్కల సందుల్లోంచి చిన్న మచ్చ జారిపోవడం ఎంతసేపు?

అలాగని 10-2 ఒక్కటీ చాలదు. ఆసియా మూలాలున్నవాళ్లలో చాలామందికి నష్టం మధ్యకు ఇంకా దూరంగా, 8 డిగ్రీలు దాటిన చోట మొదలవుతుందని 2015లో తేలింది. అందుకే ఆసియా వాళ్లకు 24-2 గానీ, 30 డిగ్రీల దాకా చూసే 30-2 గానీ కూడా చేయాలని అమెరికా సూచనల్లోనే ఉంది. ఆ అధ్యయనాల్లో ఆసియా వాళ్లంటే ఎక్కువగా తూర్పు ఆసియా వాళ్లు, అయినా మనం దాన్ని పక్కన పెట్టేంత ధైర్యం చేయక్కర్లేదు. నా అభిప్రాయం: మొదటిసారి రెండూ చేయించుకోండి, 10-2 ఒక పూట, 24-2 ఇంకో పూట. తర్వాత ఏటా 10-2, దాంతో పాటు మాక్యులాను దాటి వెడల్పుగా తీసిన ఓసీటీ. ఆ స్కాన్‌లో బయటి అంచుల్లో అనుమానం వస్తే మళ్లీ 24-2 లేదా 30-2. ఎర్ర లైటుతో చేసే 10-2 కూడా ఉంది, కాకపోతే దాంట్లో ఉత్తుత్తి మచ్చలు ఎక్కువ వస్తాయి. తెల్ల లైటే అడగండి.

ఇంట్లో గళ్ల కాగితం చూసుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. గళ్లు వంకరగా కనిపిస్తే వెంటనే రండి, కానీ గళ్లు బాగున్నాయని టెస్టు మానొద్దు.

పోయే రోజు

అన్నిటికన్నా ముఖ్యం, కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు. రద్దీగా ఉండే ఓపీల్లో లోపలికి రాగానే వరుసగా అందరి కళ్లలో చుక్కలు వేసేస్తారు. కంటిపాప పెద్దదయ్యాక దగ్గరి చూపు మసకబారుతుంది, అప్పుడు ఫీల్డ్ చేస్తే అంకెలు పడిపోతాయి. కాబట్టి కుర్చీలో కూర్చోగానే నోరు తెరిచి చెప్పండి: "నాకు ఫీల్డ్ టెస్ట్ ఉంది, అది అయ్యాకే చుక్కలు వేయండి." ఏ సిస్టరూ ఏమీ అనుకోదు.

తిని రండి, రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు వేసుకునే రండి. ముందు రాత్రి నిద్ర పోండి, ఎందుకంటే చీకటి గదిలో చల్లగా కూర్చోబెడితే నిద్ర లేనివాళ్లు టెస్టులోనే కునుకు తీస్తారు. దూరపు అద్దాలు, దగ్గరి అద్దాలు రెండూ తెచ్చుకోండి. టెస్టు మీ అద్దాలతో చేయరు, ముప్పై సెంటీమీటర్ల దూరానికి సరిపడే లెన్సు మిషన్‌కు పెడతారు, కానీ మీ పవరు తెలియాలి.

కీళ్లవాతం ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట, ఇది ఏ కరపత్రంలోనూ కనిపించదు. పొద్దున పూట మీ వేళ్లు బిగుసుకుని ఉంటాయి కదా, టెస్టులో లైటు కనిపించగానే బటన్ నొక్కాలి. వేలు లేవక ఆలస్యంగా నొక్కితే మిషన్ దాన్ని కనిపించలేదని రాసుకుంటుంది. కాబట్టి మధ్యాహ్నం పూట అడగండి. ఏ చేయి బాగుంటే ఆ చేత్తో పట్టుకోండి, బొటనవేలు రాకపోతే గుప్పిటంతా బిగించి నొక్కండి, బల్ల మీద పెట్టి అరచేత్తో నొక్కినా తప్పు లేదు. మొదలుపెట్టే ముందు నాలుగైదుసార్లు ఉత్తగా నొక్కి చూపించమని అడగండి. ఇంకొకటి, కీళ్లవాతం, లూపస్, జోగ్రెన్స్ ఉన్నవాళ్లలో చాలామందికి కళ్లు పొడారిపోతాయి. తడి కోసం వాడే చుక్కలుంటే టెస్టుకు ముందు వేసుకోండి, కన్ను గరగరలాడుతుంటే ఏ మనిషీ ఆరు నిమిషాలు ఒకే చోట చూడలేడు.

కుర్చీ మీద

ఎలా ఉంటుందో చెప్తా. ఒక కంటికి పట్టీ వేస్తారు. గడ్డం ఒక చోట, నుదురు ఒక చోట ఆనించి తెల్లటి గిన్నె లాంటి దాంట్లోకి చూడాలి. మధ్యలో పసుపు లైటొకటి నిలకడగా వెలుగుతుంటుంది. చుట్టూ ఎక్కడో ఒక చోట చిన్న తెల్ల చుక్క మెరిసి మాయమవుతుంది. కనిపిస్తే నొక్కాలి. అంతే. ఒక్కో కంటికి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు.

ఉరవకొండ దగ్గర పల్లె నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది, కోడలు తోడుగా. కొంగు సర్దుకుని కూర్చుంది, గడ్డం ఆనించింది, మొదలుపెట్టాను. అర నిమిషంలో ఆమె కన్ను తెర మీద చేపలా తిరుగుతోంది, లైటును వెతుక్కుంటూ. ఆపి అడిగితే, "ఏం సామీ, యాడ వస్తాదో తెల్లేదు, ఎతకొద్దా మరి?" అంది. వెతకడమే కూడదని చెప్పాను. "నువ్వు నీ జాగాలోనే ఉండు పెద్దమ్మా, లైటే నీ దగ్గరికి వస్తాది." కొంచెంసేపయ్యాక మళ్లీ ఆపేసింది. "ఏమీ రాల్యా, కరెంటు పోయిందా?" పోలేదు. అదే ఈ టెస్టులో అందరినీ కంగారు పెట్టేది.

మిషన్ కావాలనే మీకు కనిపించనంత మసక లైట్లు వేస్తుంది. కనిపించే హద్దు ఎక్కడో వెతకడమే దాని పని, కాబట్టి కన్ను ఎంత బాగున్నా సగం లైట్లు కనిపించవు. నాలుగైదు సెకన్లు ఏమీ రాకపోయినా టెన్షన్ పడొద్దు, ఫెయిల్ అవుతున్నానని అనుకోవద్దు, అంతకన్నా ముఖ్యంగా ఊహించి నొక్కొద్దు. పక్కన మనిషి ఉన్నాడని, మార్కులు తగ్గుతాయని టకటకా నొక్కేవాళ్లు చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. మెరిసిందా లేదా అన్న అనుమానమొస్తే, మెరిసిందనిపిస్తే నొక్కండి, లేదంటే వదిలేయండి. అక్కడ ఎక్కువ ఆలోచించకూడదు.

రెప్ప వేయొచ్చు. బటన్ నొక్కే క్షణంలోనే రెప్ప కూడా వేయడం అలవాటు చేసుకుంటే లైటు తప్పిపోదు. అలిసిపోతే బటన్‌ను నొక్కి పట్టుకోండి, హంఫ్రీ మిషన్ అయితే వదిలేదాకా ఆగుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలిస్తే ప్రాణం లేచొస్తుంది. మెడ లాగుతోందా, బల్ల ఎత్తు సరిపోలేదా, పట్టీ కింద నుంచి వెలుతురు వస్తోందా, మొదలయ్యాక కాదు, మొదలుపెట్టకముందే చెప్పండి. పై రెప్ప వాలి ఉండే పెద్దవాళ్లకు చిన్న టేపు వేసి పైకి పట్టాలి, లేకపోతే పైభాగమంతా నల్లగా వస్తుంది.

కాగితం మీద రాసి పెట్టుకోండి, మొదటిసారి టెస్టు చాలామందికి చెత్తగానే వస్తుంది. కంటిలో తేడా ఉండదు, ఆట తెలియకపోవడమే. కొన్ని రోజులాగి రెండోసారి చేసినదాన్నే మొదటి రికార్డుగా పెట్టుకోవడం మేలు.

ప్రింటవుట్ చేతికొచ్చాక

చాలామంది కళ్లు సూటిగా బూడిదరంగు బొమ్మ మీదికి పోతాయి, నల్లగా ఉంటే గుండె జారుతుంది. దాన్ని ఆఖరున చూడండి. చుక్కలకూ చుక్కలకూ మధ్య ఖాళీని అది అంచనాతో నింపుతుంది.

పైన ఎడమవైపు మొదలుపెట్టండి. పేరు, పుట్టిన తేదీ మీవేనా? వయసును బట్టే మామూలు అంకెలతో పోలుస్తుంది, పుట్టిన ఏడాది తప్పు కొడితే ఫలితమంతా తప్పు. ఆధార్ కార్డులో ఉన్న జనవరి 1 లెక్క కాకుండా అసలు వయసు చెప్పండి. తర్వాత ఏ టెస్టు అన్నది, 10-2 అని ఉందా. ఆపై నమ్మకం అంకెలు మూడు. ఫిక్సేషన్ లాసెస్ అంటే మీ చూపు మధ్య లైటు మీద లేనప్పుడు దొరికిపోయినవి, 20 శాతం దాటితే పక్కన రెండు ఇంటూ గుర్తులు పడతాయి. ఫాల్స్ పాజిటివ్ అంటే లైటు లేకుండా నొక్కినవి, ఇది 15 శాతం దాటితే ఆ కాగితాన్ని నేనైతే నమ్మను. ఫాల్స్ నెగటివ్ అంటే ముందు మసక లైటు చూసిన చోటే దానికన్నా బాగా ప్రకాశమైన లైటు వేసినా నొక్కకపోవడం, ఎక్కువగా అలసట లక్షణం. మూడింట్లో నాకు ఎక్కువ భయం ఫాల్స్ పాజిటివ్ అంటేనే, ఎందుకంటే ఊహించి నొక్కిన ప్రతి నొక్కూ నిజమైన మచ్చను కప్పేస్తుంది. ఫిక్సేషన్ అంకె ఒక్కటే కొద్దిగా పెరిగితే మాత్రం, కింద కంటి కదలిక గీత సాఫీగా ఉందా చూసి వదిలేయొచ్చు.

మధ్యలో అంకెల బొమ్మ ఉంటుంది. అంకె పెద్దదైతే చూపు మంచిది, ఎందుకంటే అంత మసక లైటునూ పట్టిందని. సున్నా అంటే మిషన్ వేయగలిగిన గట్టి లైటు దగ్గరే ఆగిపోయిందని. కుడి కంటి కాగితంలో కుడిపక్క అంటే మీ కుడిపక్కే.

కింద చిన్న చిన్న గళ్ల బొమ్మలు రెండు: టోటల్ డీవియేషన్, పాటర్న్ డీవియేషన్. మొదటిది మీ వయసు వాళ్లతో పోలిస్తే ఎక్కడెక్కడ తగ్గిందో. శుక్లం ఉన్నా అదంతా నల్లబడుతుంది. రెండోది ఆ మొత్తం మసకను తీసేసి, అక్కడక్కడ ప్రత్యేకంగా తగ్గిన చోట్లు మాత్రం చూపిస్తుంది. మన పనికి ఇదే ముఖ్యం. పూర్తి నల్ల గడి అంటే బాగున్న వెయ్యి మందిలో ఐదుగురికన్నా తక్కువ మందికే అక్కడ అంత తక్కువ అంకె వస్తుందని.

ఇక ఏం వెతకాలి. మధ్యకు దగ్గరగా, పక్కపక్కనే ఉన్న రెండు మూడు గళ్లు, రెండు కళ్లలోనూ ఇంచుమించు ఒకే తీరులో, ఒక్కోసారి ముక్కు వైపు పైభాగంలో మొదట. తర్వాత అవి వంపు తిరిగి వలయమవుతాయి. చెల్లాచెదురుగా అక్కడొకటి ఇక్కడొకటి పడ్డ గళ్లకు అంత అర్థం లేదు. పైన అంతా వరుసగా నల్లబడితే రెప్ప. 24-2లోనో 30-2లోనో అంచు చుట్టూ నల్లబడితే లెన్సు ఫ్రేమ్ అడ్డం. నాలుగాకుల పువ్వులా మధ్యలో నాలుగు చోట్ల బాగుండి మిగతాదంతా పోతే మనిషి కాసేపటికి వదిలేశాడని అర్థం. బూడిద బొమ్మలో సున్నం కొట్టినట్టు తెల్ల మచ్చలుంటే ఊహించి నొక్కారు.

మచ్చ కనిపిస్తే

మాత్ర ఆపొద్దు. మళ్లీ చెప్తున్నా, ఆ రోజు సాయంత్రం ఇంటికి పోయి మాత్ర ఆపేయొద్దు. లూపస్ వాళ్లకు ఈ మందు ఆగితే కిడ్నీ, కీళ్లు, చర్మం అన్నీ తిరగబడవచ్చు. ముందు టెస్టు మళ్లీ చేయించండి, వేరే రోజు, నిద్రపోయి, మధ్యాహ్నం పూట. రెండోసారీ అదే చోట అదే మచ్చ వస్తే ఓసీటీ స్కాన్‌తో సరిపోల్చాలి. స్కాన్‌లో రెటీనా పొరల్లో సన్నటి తెల్ల గీతొకటి ఉంటుంది, వెలుతురు పట్టే కణాలది, ఫీల్డ్‌లో మచ్చ ఉన్న చోట అది తెగిందా పలచబడిందా చూస్తారు. దొరికితే రెటీనా తనంతట తాను ఇచ్చే మెరుపును పట్టే ఫోటో, ఆటోఫ్లోరసెన్స్ అంటారు, అది కూడా తీయిస్తారు. స్కాన్ ఇంకా బాగుండి ఫీల్డ్ మాత్రమే చెడటం తొలి దశల్లో ఉండొచ్చు, అందుకే రెండింట్లో ఏదో ఒకటి చాలని అనడం నాకు నచ్చదు. అప్పుడు కొద్ది నెలలకే పిలిచి మళ్లీ చూస్తారు, లేదా మల్టీఫోకల్ ఈఆర్జీ (వెలుతురుకు రెటీనా ఇచ్చే కరెంటు స్పందన కొలిచే టెస్టు) ఉన్న పెద్ద ఊరికి పంపుతారు.

రెండు రకాల టెస్టులూ ఒకే మాట చెప్తే అప్పుడు కంటి డాక్టరూ కీళ్ల డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి. మన దగ్గర వాళ్లిద్దరూ వేర్వేరు ఊళ్లలో ఉంటారు, ఒకరి ఫోన్ నంబరు ఇంకొకరి దగ్గర ఉండదు. ఆ పని మీరే చేయాలి: ప్రింటవుట్లకు ఫోటోలు తీసి రెండు వైపులా చూపించండి, ఉత్తరం రాసివ్వమని అడగండి. ఫీల్డ్ కాగితాల అసలు ప్రతులు ఆసుపత్రికి వదిలేయకుండా, ఎల్ఐసీ బాండ్లు దాచుకునే ఫైల్లోనే పెట్టుకోండి, ప్రతి కాగితం వెనుక ఆ రోజు మీ బరువు, డోసు, మొదలుపెట్టిన ఏడాది రాయండి. మాకు వచ్చేవాళ్లలో పాత కాగితం తెచ్చేవాళ్లు తక్కువ, తెచ్చినవాళ్ల సంగతి పది నిమిషాల్లో తేలిపోతుంది.

మందు ఆపాక కూడా అది ఒంట్లోంచి నెమ్మదిగా, నెలల తరబడి పోతుంది. తొలి దశలో పట్టుకుంటే నష్టం దాదాపు అక్కడే ఆగుతుంది, నల్లటి పొర దాకా పాడయ్యాక ఆపితే ఆపిన తర్వాత కూడా కొన్నేళ్లు పెరుగుతూ పోవచ్చు. కాబట్టి మానేశాం కదా అని టెస్టులు మానొద్దు, డాక్టరు చాలన్నదాకా రావాల్సిందే.

ఇదే మిషన్, వేరే మందులు

టీబీకి వాడే ఇథాంబుటాల్ రెటీనాను కాకుండా కంటి నరాన్ని పట్టుకుంటుంది. ఏళ్లు కాదు, నెలల్లోనే రావచ్చు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టు కనిపించడం, నడిమి చూపు మసకబారడం గుర్తులు. ఆ రోజే టీబీ సెంటర్లో చెప్పాలి, వచ్చే నెల మాత్రలకు పోయినప్పుడు చెప్దాంలే అనుకోకూడదు, ఎందుకంటే తొందరగా ఆపితే చాలామందికి చూపు తిరిగొస్తుంది. దీనికి ఫీల్డ్‌తో పాటు రంగుల పుస్తకం, చార్టు చూపు కూడా చూస్తారు.

మూర్ఛకు వాడే విగాబాట్రిన్ పూర్తిగా తిరగేసిన రకం, చూపును బయటి అంచుల నుంచి, ముక్కు వైపు మొదలుపెట్టి దగ్గరికి నొక్కుకుంటూ వస్తుంది. దానికి 10-2 చేయిస్తే డబ్బు దండగ, 30-2 గానీ అంతకన్నా వెడల్పు టెస్టు గానీ కావాలి. ఈ మందు ఎక్కువగా పసిపిల్లలకు ఇస్తారు, వాళ్లు బటన్ నొక్కలేరు కాబట్టి కళ్లకు ఈఆర్జీ చేస్తారు. పిల్లాడికి ఆ మందు రాస్తే, ఆ టెస్టు ఎక్కడ ఎప్పుడు చేయించాలో రాసిన డాక్టరును ఆ రోజే అడిగి చీటీ మీద రాయించుకోండి.